నీకేం తక్కువ?

2006లో ఒక ఆదివారం ఉదయం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత ఇంజనీరింగ్ గైడ్ల దొంతర కింద ఒక పల్చని నవల కనిపించింది. సిల్వియా ప్లాత్ రాసిన 'ది బెల్ జార్'. ఆమె కవయిత్రి అని మాత్రం తెలుసు. కవిత్వమూ చదవలేదు, జీవితమూ తెలియదు. కేవలం పేరు చూసి కొన్నాను. తెలుగు మాధ్యమంలో సైన్సు చదువుకున్నవాళ్లకి గంట జాడీ గుర్తుండే ఉంటుంది. గంట ఆకారంలో ఉన్న గాజు మూత కింద ఒక విద్యుత్ గంట మోగుతూ ఉంటుంది. పంపుతో లోపలి గాలిని తోడేస్తూ పోతే శబ్దం క్రమంగా సన్నగిల్లి, చివరికి వినిపించడం మానేస్తుంది. గంట ఆగిపోలేదు. సుత్తి కొట్టుకుంటూనే ఉంది, కంటికి కనిపిస్తూనే ఉంది. మనకీ దానికీ మధ్య గాలి లేదు, అంతే. శబ్ద ప్రసారానికి యానకం కావాలి అని నోట్సులో రాసుకుని, పరీక్షలో మార్కులు తెచ్చుకుని మరిచిపోయిన పాఠం.

ప్లాత్ ఉద్దేశం అది కాదని పుస్తకం చదివాక తెలిసింది. ఆమె చెప్పిన గాజు మూతలో గాలి లేకపోవడం కాదు, ఉన్న గాలే మురిగిపోవడం. లోపల ఉన్న మనిషి తాను విడిచిన ఊపిరినే మళ్లీ మళ్లీ పీల్చుకుంటూ ఉండిపోవడం. అయినా నా మొదటి పొరపాటు అర్థాన్ని నేను ఇప్పటికీ వదులుకోలేదు. ఎందుకో చెప్పాలంటే దుమ్ముగూడెం దాకా వెళ్లాలి.

నాన్న ఉద్యోగరీత్యా నా బాల్యమంతా అక్కడే గడిచింది. భద్రాచలం నుంచి గోదావరి వెంట ఎగువకి పాతిక కిలోమీటర్లు. ఇంకొంచెం ముందుకు వెళితే పర్ణశాల. సీతమ్మ నారచీరలు ఆరేసుకున్న చోటంటూ యాత్రికులకి బండ మీద గుర్తులు చూపిస్తారు. ఊరికి మరో చరిత్ర కూడా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ఆలోచనలకి కొనసాగింపుగా, మధ్య భారతం నుంచి సముద్రం దాకా గోదావరి మీద పడవలు నడపాలని దొరలు 1860లలో ఒక పెద్ద పథకం వేశారు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి ఇంగ్లండు మిల్లులకి దూది కరువైన రోజులవి. నదిలో పడవలకి అడ్డుపడే రాతి మెట్టలు మూడుచోట్ల ఉంటే, వాటిలో మొదటిది దుమ్ముగూడెం. ఇక్కడ ఆనకట్ట కట్టారు, పక్కన కాలువ తవ్వారు, లాకులు పెట్టారు. కెప్టెన్ హేగ్ అనే ఇంజనీరు ఈ పనులు చూశాడు. ఆయన పూనికతోనే చర్చ్ మిషనరీ సొసైటీ ఇక్కడ కోయల కోసం ఒక కేంద్రం పెట్టింది. ఖర్చు పెరిగిపోయి, ఈలోగా రైళ్లు వచ్చి, 1871లో పడవల పథకం ఆగిపోయింది. ఆనకట్ట మిగిలింది, మిషన్ మిగిలింది.

ఆ మిషన్‌లో పనిచేసిన జాన్ కెయిన్ అనే ఫాదిరీ 1870లలో 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాశాడు. కోయలు చావుని సహజమని ఒప్పుకోరనీ, ఎవరో చేతబడి చేశారని అనుమానించి ఆ ఎవరో ఎవరని వెతుకుతారనీ ఆయన ఆశ్చర్యపడ్డాడు. నాకు అందులో ఆశ్చర్యం కనిపించదు. మనిషి కూలిపోతే కారణం వెతకడం కోయగూడేనికే పరిమితమైన అలవాటు కాదు. అది మా ఇంట్లో కూడా ఉండేది.

1986 ఆగస్టులో గోదావరి పొంగింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు. 2022 జూలైలో 71 అడుగులు దాటిన వరద కూడా ఆ రికార్డుని చెరపలేకపోయింది. నది ఒడ్డున ఉన్న ఊళ్లన్నీ నీళ్ల పాలయ్యాయి. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. నీళ్లు తీశాక బురదలో నిలబడి ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకరినొకరు పట్టుకుని ఏడవడం చూశాను. ఎవరూ ఎవరినీ ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. కారణం అందరి కళ్ల ముందూ ఉంది.

1993లో ఏ వరదా రాలేదు. ఆ వేసవిలో డిగ్రీ పూర్తి చేసి ఇంటికి వచ్చాను. ఫస్ట్ క్లాసు వచ్చింది. హైదరాబాదులో ఎం.ఏ. సీటు కూడా వచ్చింది. ప్రయాణానికి ట్రంకు పెట్టె సర్దారు. బయల్దేరవలసిన రోజు నేను మంచం దిగలేదు. ఆ మర్నాడూ దిగలేదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది, ఇక నిద్ర పట్టేది కాదు. తల దువ్వుకోవడం పెద్ద పని అయిపోయింది. అన్నం మట్టిలా ఉండేది. అన్నిటికంటే భయపెట్టింది ఏమిటంటే, చదవలేకపోయేదాన్ని. వారపత్రిక తెరిస్తే అక్షరాలు కనిపించేవి, పదాలు కూడా కనిపించేవి, కానీ ఒక వాక్యం చివరికి వచ్చేసరికి దాని మొదలు జారిపోయేది. ఊహ తెలిసినప్పటి నుంచీ చదవడం తప్ప వేరే పని ఎరగని దాన్ని. అయిదు నెలలు ఆ ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నాను.

"నీకేం తక్కువే?" అనేది అమ్మ. మొదట్లో బుజ్జగింపుగా, తర్వాత విసుగ్గా, చివరికి భయంగా. "తిండికి తక్కువా, బట్టకి తక్కువా, చదువుకి తక్కువా? మీ నాన్న నిన్ను ఒక్క మాటన్నారా?" నా దగ్గర జవాబు ఉండేది కాదు. నిజంగానే నాకేమీ తక్కువ లేదు. ఆ సంగతి నాకు అందరికంటే బాగా తెలుసు. తెలిసినకొద్దీ సిగ్గు పెరిగేది. నాయనమ్మ మాత్రం, "పిల్ల దేనికో మనాది పెట్టుకుంది, అడగండ్రా" అనేది. ఇరుగుపొరుగు ఆ 'దేనికో'ని 'ఎవరికో'గా మార్చుకుని, కాలేజీలో ఏదో జరిగిందని చెప్పుకున్నారు. ఒకాయన తాయెత్తు కట్టాడు. ఒక డాక్టరు బలానికి టానిక్కు రాసిచ్చాడు. ఇంకొకాయన పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందన్నాడు. డిసెంబరులో నాన్న నన్ను బస్సెక్కించి ఖమ్మం తీసుకువెళ్లాడు. అక్కడ ఒక డాక్టరమ్మ నా మొహం వంక కాసేపు చూసి, "ఎప్పటి నుంచమ్మా?" అని అడిగింది. ఎందుకు అని అడగలేదు. అయిదు నెలల్లో నేను జవాబు చెప్పగలిగిన మొదటి ప్రశ్న అది. "జూలై నుంచి" అన్నాను. ఆ తర్వాత మాటలు వచ్చాయి. మందులు రాసిచ్చింది. నెలన్నర తర్వాత ఒకరోజు మధ్యాహ్నం ఒక కథ మొదటి నుంచి చివరి దాకా చదివాను. అది ఏ కథో గుర్తు లేదు. చివరి దాకా చదవడం గుర్తుంది.

జబ్బు పేరు ఆమె చెప్పే ఉంటుంది. మేము విని ఉండం. ఇంట్లో దాన్ని "ఆ నీరసం" అనేవాళ్లం. పదమూడేళ్లు అలాగే అన్నాం.

ఇక నవల సంగతి. కథానాయిక ఎస్తర్ గ్రీన్‌వుడ్‌కి పందొమ్మిదేళ్లు. స్కాలర్‌షిప్పు మీద చదువుకుంటూ, బహుమతి మీద బహుమతి తెచ్చుకుంటూ, 1953 వేసవిలో న్యూయార్కులో ఒక పత్రిక ఆఫీసులో నెలరోజులు పనిచేసే అవకాశం సంపాదించుకుంటుంది. దేశంలో ఏ అమ్మాయైనా అసూయపడవలసిన నెల అది. ఆమెకి ఏమీ అనిపించదు. ఇంటికి తిరిగి వచ్చాక నిద్ర పోతుంది, స్నానం పోతుంది, చదువు పోతుంది. పుస్తకం తెరిస్తే అక్షరాలు నిలవని ఘట్టం దగ్గర నేను పుస్తకం మూసేసి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. దుమ్ముగూడెంలో నా మంచం పక్కన కూర్చుని చూసినట్టు రాసింది, నేను పుట్టక ముందే చనిపోయిన ఒక అమెరికా అమ్మాయి.

ఇంకొక ఘట్టం ఉంది. ఎస్తర్‌ని మొదట చూసిన డాక్టరు, ఏదో తేడాగా ఉందని నీకు ఎందుకనిపిస్తోందో చెప్పమన్న ధోరణిలో అడుగుతాడు. ఆ ప్రశ్నలోనే, నిజానికి ఏమీ లేదు, నీకలా అనిపిస్తోందంతే, అన్న అర్థం ఆమెకి వినిపిస్తుంది. అతను సరిగా చేయించని విద్యుత్ చికిత్స ఆమెని మరింత లోతుకి తోసేస్తుంది. బాగుపడటం కూతురి నిర్ణయం మీద ఆధారపడిన విషయమన్నట్టు తల్లి మాట్లాడుతుంది. చివరికి ఆమెని ఒడ్డుకి చేర్చేది డాక్టర్ నోలన్ అనే స్త్రీ. ఆమె చేయించింది కూడా అదే విద్యుత్ చికిత్స. తేడా యంత్రంలో లేదు. ముందుగా చెప్పడంలో, పక్కన నిలబడటంలో, చికిత్స సరిగా చేయడంలో ఉంది. ఇందులో చాలా భాగం ప్లాత్ సొంత అనుభవమే. 1953లో ఆమె మెక్‌లీన్ ఆసుపత్రిలో ఉంది. అప్పటికి ఇన్సులిన్, విద్యుత్ చికిత్స తప్ప ఈ జబ్బుకి చెప్పుకోదగ్గ మందు లేదు. నాలాంటి వాళ్లకి తర్వాత ఉపయోగపడ్డ ఇమిప్రమిన్ గుణాన్ని స్విట్జర్లండులో రోలండ్ కూన్ ప్రకటించింది 1957లో. నవల 1963 జనవరిలో లండన్‌లో విక్టోరియా లూకాస్ అనే మారుపేరుతో వచ్చింది. వచ్చిన నెలలోపే, ముప్ఫై ఏళ్ల వయసులో, ప్లాత్ తన ప్రాణం తానే తీసుకుంది. తల్లి అభ్యంతరం వల్ల అమెరికాలో ఆ నవల 1971 దాకా అచ్చు కాలేదు.

1953 అనే సంవత్సరం చూడగానే నాకు మా ప్రాంతం గుర్తొచ్చింది. ఆ అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే రోజున గోదావరికి అవతల, హైదరాబాదు రాష్ట్రంలో, వరంగల్లు నుంచి విడదీసి ఖమ్మం జిల్లా చేశారు. దుమ్ముగూడెం అప్పటికి తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 1874లో మద్రాసు రాజధానిలో కలిపినప్పటి నుంచీ అంతే. 1959లో గానీ భద్రాచలం తాలూకా ఖమ్మానికి రాలేదు. 1965లో గానీ భద్రాచలం దగ్గర గోదావరికి వంతెన లేదు. హైదరాబాదు రాష్ట్రపు పిచ్చాసుపత్రి జాల్నా నుంచి ఎర్రగడ్డకి వచ్చింది కూడా ఆ 1953లోనే. దుమ్ముగూడెం వాళ్లకి మాత్రం అది పరాయి రాష్ట్రం. వాళ్లకి దిక్కు వాల్తేరు ఆసుపత్రి.

దిక్కని అనడమే గానీ, అక్కడికి వెళ్లే దారి వైద్యుడి గుమ్మం మీదుగా కాదు, ఎక్కువగా మేజిస్ట్రేటు గుమ్మం మీదుగా ఉండేది. 1912 నాటి ల్యూనసీ చట్టం ప్రకారం మనిషిని లోపల చేర్చడానికి సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. ఆ చట్టానికి తెలిసింది పిచ్చి ఒక్కటే. 1946లో భోర్ కమిటీ లెక్క చూస్తే దేశం మొత్తానికి 19 మానసిక వైద్యశాలలు, దాదాపు 10,000 పడకలు. 40,000 మందికి ఒక పడక. అదే ఇంగ్లండులో 300 మందికి ఒకటి. ఇలాంటి లెక్కలో గోడవైపు తిరిగి పడుకున్న ఆడపిల్ల ఎక్కడ పడుతుంది? ఆమె ఎవరినీ కొట్టదు, రోడ్డు మీద పరుగెత్తదు. మానసిక ఆరోగ్య చట్టం 1987లో చేశారు గానీ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్‌లో. అంటే నేను మంచం పట్టడానికి మూడు నెలల ముందు దాకా ఈ దేశంలో 1912 చట్టమే నడిచింది.

చట్టానికి పిచ్చి మాత్రమే తెలిస్తే, ఇంటికి బెంగ మాత్రమే తెలుసు. మా ఇంట్లో రెండు మాటలుండేవి. అమ్మది రాజమండ్రి వైపు, కాబట్టి బెంగ. నాయనమ్మది ఖమ్మం వైపు, కాబట్టి మనాది. రెండూ చక్కటి మాటలు, మనసు ఒంటిని తినేస్తుందని తెలిసినవాళ్లు పుట్టించిన మాటలు. కానీ రెండూ ఒంటరిగా నిలబడవు. బెంగ ఎవరి మీదో ఉండాలి. మనాది దేనికో పెట్టుకోవాలి. కారణం చూపించకపోతే ఆ మాటలు పక్కకి తప్పుకుంటాయి. అప్పుడిక మిగిలేవి బద్ధకం, పొగరు, గాలి సోకడం. పత్రికలు 'కుంగుబాటు' అని రాయడం ఎంతో తర్వాతి సంగతి. అది కారణం అడగని మాట.

మా అమ్మమ్మ ఊర్మిళాదేవి నిద్ర పాట పాడేది. లక్ష్మణుడు అడవికి వెళ్లిపోతే పద్నాలుగేళ్లూ పడుకునే ఉన్న ఇల్లాలి పాట. తిరిగొచ్చిన భర్తని ఆమె ముందు గుర్తుపట్టను కూడా గుర్తుపట్టదు. లక్ష్మణుడు కాపలా కాసిన చోటని చెప్పే పర్ణశాల పక్కనే పెరిగిన నాకు, ఆ పాటలో అన్నగారి అడవి కంటే ఊర్మిళ మంచమే దగ్గరగా తోచేది. ఆమెని ఎవరూ లేపరు, ఎవరూ ఏమే అనరు. ఆ వెసులుబాటు ఊర్మిళకి ఎందుకు దొరికిందో పెద్దయ్యాక అర్థమైంది. ఆమె నిద్రకి అందరూ ఒప్పుకునే కారణం ఉంది: మొగుడు దగ్గర లేడు.

మన నవలల్లో కూడా ఈ తేడా నాకు కనిపిస్తుంది. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు, బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి, 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య'లో రవి – వీళ్ల లోపలి చీకటిని మనం చీకటిగానే ఒప్పుకున్నాం. మగవాడి మనసు దానంతటదే కుంగవచ్చు, దాన్ని పేజీలకి పేజీలు రాయవచ్చు. నేను చదివినంతలో ఆడదాని దుఃఖానికి మాత్రం ఎప్పుడూ ఒక నేరస్థుడు ఉంటాడు. మొగుడో, అత్తో, కట్నమో, ప్రేమించి వదిలేసినవాడో. ఆ నేరాలు కల్పితాలని అనను. వాటిని రాయడం అవసరం, రాసిన రచయిత్రులకి మనమంతా రుణపడి ఉన్నాం. కానీ ఏ నేరమూ జరగని ఇంట్లో కుంగిపోయిన పిల్లకి ఆ అలమరలో తన పుస్తకం దొరకదు.

డిగ్రీ రోజుల్లో నాకు ప్రాణమైన నవల 'కాలాతీత వ్యక్తులు'. స్వయంగా డాక్టరైన పి. శ్రీదేవి రాయగా 1957-58లో 'తెలుగు స్వతంత్ర'లో వచ్చింది. ప్లాత్ లాగే ఆమె కూడా ఒక్క నవలే ఇచ్చి, 1961లో, ముప్ఫైల మొదట్లోనే వెళ్లిపోయింది. 'ది బెల్ జార్' వచ్చిన 1963లోనే ఇక్కడ శ్రీదేవి నవల ఆధారంగా 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. ఆ నవలలో ఇందిర ఎవరి జాలికీ తలవంచదు. నేను ఇందిరలా ఉండాలనుకునేదాన్ని. మంచం పట్టినప్పుడు ఆ ఇందిరే గుమ్మంలో నిలబడి నన్ను చూసి నవ్వుతున్నట్టుండేది. తప్పు శ్రీదేవిది కాదు. ఇందిర పక్కన ఎస్తర్ కూడా నా అలమరలో ఉండి ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది.

2006లో ఆ నవల పూర్తి చేసిన వారానికి దసరా సెలవులు. ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకి కథంతా చెప్పాను. అమ్మకి ఇంగ్లీషు రాదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. చదువు, బహుమతులు, నిద్ర పట్టకపోవడం, తల దువ్వుకోకపోవడం. "నువ్వు అప్పుడు ఉన్నట్టే" అంది. అవునన్నాను. దానికొక పేరుందనీ, వెనకాల ఏ కారణమూ లేకుండా కూడా వస్తుందనీ చెప్పాను. "ఆ రోజుల్లో నువ్వు 'నీకేం తక్కువ' అని అడిగినప్పుడల్లా చచ్చిపోవాలనిపించేదమ్మా" అన్నాను. అంత మాట అనాలనుకోలేదు. నోటి నుంచి జారిపోయింది.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చేటలోకి చూస్తూనే చెప్పింది. 1976లో తమ్ముడు పుట్టాక ఆమె ఆరేడు నెలలు అలాగే పడి ఉందట. పిల్లాణ్ణి చేతిలో పెడితే ఎవరి పిల్లాడో అన్నట్టుండేదట. రాత్రిళ్లు గోదావరి చప్పుడు వింటూ కూర్చునేదట. బాలింతకి గాలి సోకిందని వేపమండలు కొట్టి, పిల్లాణ్ణి నాయనమ్మ దగ్గర పడుకోబెట్టి, ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారట.

"నిన్ను కనీసం ఏం తక్కువని అడిగాను. నన్ను అదీ ఎవరూ అడగలేదు" అంది.

నన్ను పదమూడేళ్లు గుచ్చిన ప్రశ్న, తనని ఎవరైనా అడిగితే బాగుండునని అమ్మ ఎదురుచూసిన ప్రశ్న. అది తిట్టు కాదు. ఆమె దగ్గరున్న ఒకే ఒక్క మందు. పనిచేయని మందే కావచ్చు, కానీ తనకి దక్కని మందు.

అమ్మ 2015లో పోయింది. ఆ మరుసటి ఏడాదితో ముగిసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ఈ దేశంలో దాదాపు ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటు బారిన పడుతున్నారని తేల్చింది. 2017 చట్టం మానసిక వైద్యాన్ని హక్కు చేసింది. మత్తు ఇవ్వకుండా విద్యుత్ చికిత్స చేయడాన్ని నిషేధించింది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని నేరస్థుడిగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడమంది. 2022 అక్టోబరు నుంచి 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడేవాళ్లున్నారు. దుమ్ముగూడెం ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. అక్కడి నుంచి కూడా ఆ నంబరు పలుకుతుంది.

మా ఇంట్లో ఒకే గదిలో పదిహేడేళ్ల తేడాతో రెండు గంటలు మోగాయి. కదులుతున్న సుత్తిని అందరూ చూశారు. ఒకదాని చప్పుడు రెండోదానికి వినిపించడానికి ఇంకో పదమూడేళ్లు, ఎక్కడిదో ఒక నవల కావలసి వచ్చింది. మీ ఇంట్లో ఎవరైనా గోడవైపు తిరిగి పడుకుని ఉంటే, ఏం తక్కువని అడగకండి. అసలేమీ అడగకుండా మాత్రం ఉండకండి. ఎప్పటి నుంచి అని అడిగి చూడండి.